ముందు బిందెలు నింపు... తర్వాతే పోరాటం!

ఆట మొదలవగానే తెర మీద కొన్ని మాటలు కనిపిస్తాయి. మీరు బతికే అవకాశం లేదనీ, ఇది మీరు ఎలా చనిపోయారో చెప్పే కథ మాత్రమేననీ వాటి సారాంశం. ఏ ఆటైనా 'రండి, గెలవండి' అని పిలుస్తుంది. ఇదేమిటి, ముందే శ్రద్ధాంజలి ఘటిస్తోంది? 'ప్రాజెక్ట్ జాంబాయిడ్' తీరే అంత. బ్రిటన్‌లో పుట్టిన 'ది ఇండీ స్టోన్' అనే చిన్న సంస్థ 2011లో దీని తొలి రూపాన్ని విడుదల చేసింది. 2013 నవంబరులో ఇది 'స్టీమ్' అనే ఆన్‌లైన్ దుకాణంలోకి వచ్చింది. అప్పట్నుంచీ మార్పులు చేస్తూ, కొత్త హంగులు చేరుస్తూనే ఉన్నారు. కంప్యూటర్ ఆటల్లో చాలా కష్టమైనవి చెప్పమంటే ఆడేవాళ్లు తరచూ చెప్పే పేర్లలో ఇదొకటి.

కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది మొదటిరోజు సాయంత్రం చూడకుండానే పోతారు. ఆటలో సాయంత్రమండోయ్! అంటే మన గడియారంలో అరగంట కూడా కాదు. 'ఇదేం ఆట బాబూ' అని పక్కన పడేస్తారు. నిజానికి ఇది నేర్చుకోవడం అంత కష్టమేం కాదు. ముఖ్యంగా మన అనంతపురం వాళ్లకి. ఎందుకంటే, దీన్లో నెగ్గుకురావడానికి కావాల్సిన మొదటి విద్య కత్తి తిప్పడం కాదు, నీళ్లు దాచుకోవడం!

జాంబీలు మనకు కొత్త కాదు

జాంబీ అంటే తెలుసుగా? చచ్చాక లేచి తిరిగే మనిషి. కరిస్తే మనమూ అదే అయిపోతాం. 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సినిమాతో ఇప్పుడు మనం చూసే జాంబీ రూపం ఖరారైంది. 1996లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్'తో వీడియో గేముల్లోనూ వాటి జోరు పెరిగింది. తెలుగులో ఆ ముచ్చట తీర్చింది ప్రశాంత్ వర్మ. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆయన 'జాంబీ రెడ్డి'లో జాంబీలు ఏకంగా కర్నూలు జిల్లాకే వచ్చేశాయి. రాయలసీమ ఫ్యాక్షన్ కథలోకి జాంబీలను దించిన ఆ సినిమాలో తేజ సజ్జా వేసింది ఎవరి పాత్రో గుర్తుందా? వీడియో గేమ్ డిజైనర్!

సినిమాలో అయితే హీరో వెనక్కి తగ్గడు. 'ప్రాజెక్ట్ జాంబాయిడ్'లో మాత్రం వెనక్కి తగ్గినవాడే హీరో. ఇది 1993 జులైలో, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 'నాక్స్ కౌంటీ' అనే ఊహాప్రాంతంలో జరిగే కథ. ఊరంతా జబ్బు పాకిపోయింది. చుట్టూ సైన్యం కాపలా. లోపల మీరొక్కరు. మీరు సైనికుడు కాదు, సూపర్‌మ్యానూ కాదు. వడ్రంగో, వంటవాడో, ఉద్యోగం లేని కుర్రాడో... అంతే. మామూలు మనిషికి ఏమేం అవుతాయో మీకూ అవే అవుతాయి. ఆకలి, దాహం, నిద్ర, ఆయాసం, జలుబు, భయం, చివరికి ఏమీ తోచకపోవడం కూడా. ఒక్కోదానికీ తెర కుడిపక్కన ఒక చిన్న బొమ్మ వెలుగుతుంది. ఆ బొమ్మల్ని చదవడం వస్తే సగం ఆట వచ్చినట్టే.

కొళాయి ఆగిపోతుంది... తెలుసు కదా!

మొదట్లో అన్నీ ఉంటాయి. కరెంటు ఉంటుంది. కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఫ్రిజ్‌లో పాలు, మాంసం, కూరలు. కొత్తవాళ్లు ఇది చూసి ధీమాగా కర్ర పట్టుకుని వీధిలోకి వెళ్తారు. కానీ మామూలు సెట్టింగుల్లో నెలలోపు ఏదో ఒకరోజు నీళ్లు ఆగిపోతాయి. మరో రోజు కరెంటు పోతుంది. ఎప్పుడన్నది ఆట చెప్పదు. ముందస్తు ప్రకటన ఉండదు.

అమెరికా కుర్రాడికి ఇది వింత. మనకో? నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో పెరిగినవాళ్లకి కొళాయి చప్పుడు వినబడితే చాలు... బిందెలు, బక్కెట్లు, డ్రమ్ములు, ఆఖరికి చెంబులతో సహా నిండిపోవాల్సిందే. ఇక్కడా అదే సూత్రం. ఆటలో మొదటిరోజు చెయ్యాల్సిన పని, దొరికిన ప్రతి సీసా, గిన్నె, కుండ కొళాయి కింద పెట్టి నింపడం. ఖాళీ సీసా కనబడితే 'ఇదెందుకులే' అని వదిలేసినవాడు మూడు వారాల తర్వాత దాని కోసం ప్రాణాలకు తెగించి వీధిలోకి రావాల్సి ఉంటుంది.

పడమటి కనుమల చాటున, తూర్పు తీరానికి దూరంగా ఉండటంతో మన పీఠభూమికి రెండు రుతుపవనాలూ అంతంత మాత్రంగానే అందుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన. అందుకే ఇక్కడివాళ్లు పడిన చుక్కను పట్టుకోవడం ఏనాడో నేర్చారు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. ఆటలోనూ ఇదే విద్య. వడ్రంగం కొంత వంటబట్టాక చెక్కలు, మేకులు, చెత్త సంచులతో వాననీళ్ల పీపాలు చేసుకోవచ్చు. ఇంటి కప్పు మీద నాలుగు పెడితే దాహం బెంగ తీరుతుంది. ఒక్క జాగ్రత్త... ఆ నీళ్లను కాచి తాగాలి. పట్టినవి పట్టినట్టు తాగితే జబ్బు చేస్తుంది.

తిండి సంగతీ అంతే. కరెంటు ఉన్నన్నాళ్లూ పాడయ్యేవి ముందు తినాలి. డబ్బాల్లో నిల్వ ఉండేవి, బియ్యం, పప్పులు దాచాలి. 'ఆకలేసింది కదా' అని మొదటిరోజే డబ్బా తెరిస్తే చలికాలంలో చెయ్యి ఖాళీ. జొన్నలు పాతరేసి కరువు కాలానికి దాచిన అవ్వాతాతల మనవలకు ఇది వేరే చెప్పాలా?

టీవీ చూస్తే మార్కులు!

ఇంట్లో అందరూ 'టీవీ ఆపు' అంటారు. ఈ ఆట మాత్రం 'టీవీ పెట్టు' అంటుంది. మొదటి వారం రోజులకు పైగా ఒక ఛానల్‌లో ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6 గంటలకు వంట, వడ్రంగం, సాగు, చేపలు పట్టడం వంటి వాటి మీద కార్యక్రమాలు వస్తాయి. చూస్తే మీ పాత్రకు ఆ విద్యలు త్వరగా అబ్బుతాయి. ఇళ్లలో, గ్రంథాలయాల్లో దొరికే పుస్తకాలు చదివినా అంతే... ఆ తర్వాత చేసే పనికి ఫలితం రెట్టింపుకు మించి వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి వారం వీధిలో తిరగడం తగ్గించి, కర్టెన్లు వేసుకుని ఇంట్లో కూర్చుంటారు. మన కుర్రాళ్లకు నచ్చని మాటే. కానీ బతికేది వాళ్లే.

చప్పుడు చేస్తే చచ్చినట్టే

ఇక జాంబీల సంగతి. మామూలు సెట్టింగుల్లో అవి పరిగెత్తవు. తూలుతూ నడుస్తాయి. మనం కాస్త చురుగ్గా నడిస్తే అందవు. మరి ఎందుకింత భయం? వాటికి చెవులున్నాయి కనుక. పరుగెత్తినా, అద్దం పగిలినా, కారు హారన్ మోగినా వినబడిన దిక్కుకు మళ్లుతాయి. తుపాకీ దొరికిందని సంబరపడి ఒక గుండు పేల్చారా... ఎదురుగా ఉన్నది ఒకటి పడుతుంది, వీధి చివర్నుంచి ముప్పై వస్తాయి. కొత్తవాళ్లకు తుపాకీ ఆయుధం కాదు, ఆహ్వానపత్రిక. కొన్ని ఇళ్లకు దొంగల అలారాలు కూడా ఉంటాయి. కిటికీ తెరవగానే అలారం మోగితే సామాన్ల మీద ఆశ వదిలేసి వెంటనే వచ్చిన దారి పట్టాలి.

ఇంకో చిన్న విషయం. కీబోర్డు మీద 'క్యూ' నొక్కితే మీ పాత్ర గట్టిగా అరుస్తుంది. తెలియక నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది. 'సి' నొక్కితే వంగి, చప్పుడు చెయ్యకుండా నడుస్తుంది. మొదట్లో ఈ రెండు అక్షరాలూ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి.

తప్పనిసరై కొట్లాడాల్సి వస్తే... ఒకటో రెండో ఉన్నప్పుడే. మౌస్ కుడి బటన్ పట్టుకుని గురి, ఎడమ బటన్‌తో దెబ్బ. మీద పడబోతే స్పేస్‌బార్‌తో నెట్టెయ్యాలి. కొట్టడం, రెండడుగులు వెనక్కి వెయ్యడం, మళ్లీ కొట్టడం. పొట్టి కంచె దొరికితే ఇంకా సుళువు. మీరు దాటి అవతల నిలబడండి. వెనకాల వచ్చే జాంబీ దాటబోయి బోర్లాపడుతుంది. ఆయాసం బొమ్మ వెలిగిందా... ఆపేయండి. అలసిన చేతి దెబ్బకు బలం ఉండదు. వీపు మీద మోయలేనంత సామాను ఉన్నా అంతే. మండుటెండలో బరువెత్తుకుని పరిగెత్తేవాడు ఎంత దూరం పోతాడు?

గాయాల లెక్క కూడా తెలుసుకోవాలి. జాంబీ గోరు గీరితే జబ్బు సోకే అవకాశం నూటికి 7. చర్మం చీరుకుపోతే 25. కరిస్తే మాత్రం నూటికి నూరు... మందు లేదు. కాబట్టి గీరుకుపోయినంత మాత్రాన 'అయిపోయింది' అని ఆట ఆపెయ్యకండి. గుడ్డ చింపి కట్టుకట్టండి, తినండి, పడుకోండి. చాలాసార్లు బతుకుతారు. పగిలిన కిటికీలోంచి దూరేముందు అద్దం ముక్కలు తీసెయ్యండి. జాంబీ ముట్టుకోకుండానే గాజుపెంకు కోసుకుని నెత్తురు కారి పోయినవాళ్లూ ఉన్నారు.

కష్టాన్ని తగ్గించుకోవడం నామోషీ కాదు

దీన్లో 'శాండ్‌బాక్స్' అనే ఏర్పాటు ఉంది. జాంబీలు ఎన్ని ఉండాలి, ఎంత వేగంగా నడవాలి, కరిస్తే జబ్బు సోకాలా వద్దా, నీళ్లు ఎప్పుడు ఆగిపోవాలి... అన్నీ మనమే పెట్టుకోవచ్చు. మొదట జాంబీలను బాగా తగ్గించి, నాలుగు రోజులు ఊరు చూడండి. వంట చెయ్యండి, గోడ కట్టండి, నాలుగు బంగాళాదుంపలు నాటండి. తర్వాత ఒక్కోటీ పెంచుకుంటూ పోవచ్చు. ఈత నేర్పేవాళ్లు పిల్లాణ్ని మొదటిరోజే నడిబావిలో తోస్తారా? నడుముకు బెండు కట్టి, మెట్టు దగ్గరే మొదలుపెట్టిస్తారు. ఇదీ అంతే. ఏ ఊళ్లో మొదలుపెట్టాలని ఆట అడిగినప్పుడు రోజ్‌వుడ్ లేదా రివర్‌సైడ్ ఎంచుకుంటే కొత్తవాళ్లకు కాస్త తేలిక. పెద్ద నగరం లూయివిల్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు.

పోయాక ఏం చెయ్యాలి?

ఎంత జాగ్రత్తపడినా ఒకరోజు పోతారు. అక్కడే అసలు పరీక్ష. చాలా ఆటల్లో చనిపోతే పాత చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టొచ్చు. దీన్లో ఆ మనిషి కథ అంతటితో సరి. ఇరవై గంటలు కష్టపడి పెంచిన పాత్ర ఒక్క క్షణంలో పోతే ఏడుపొస్తుంది, నిజమే. అయితే ఆ ప్రపంచం అలాగే ఉంటుంది. అదే ఊళ్లో కొత్త మనిషిగా పుట్టొచ్చు. మీరు కట్టిన గోడ, దాచిన నీళ్లు అక్కడే ఉంటాయి. అంతేకాదు... జబ్బు సోకి పోయి ఉంటే, మీ పాత పాత్ర జాంబీ అయి మీ సంచీ తగిలించుకుని వీధిలో తిరుగుతూ ఎదురుపడొచ్చు!

పోయిన ప్రతిసారీ ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాసుకోండి. 'అలసిపోయి కొట్లాడాను', 'చీకట్లో తెలియని ఇంట్లో దూరాను', 'వెనక తలుపు చూసుకోలేదు'... పది వాక్యాలయ్యేసరికి మీరు కొత్తవాళ్లు కారు.

ఈ ఆట తయారుచేసినవాళ్లకూ ఈ పాఠం తప్పలేదు. 2011 అక్టోబరులో వాళ్ల ఇంట్లో దొంగలు పడి రెండు ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. త్వరలో విడుదల చెయ్యాల్సిన కొత్త భాగం కోడ్ వాటిలోనే ఉంది. దానికి వేరేచోట నకలు లేదు. నెలల శ్రమ మాయమైంది. అప్పటికే డబ్బు కట్టిన ఆటగాళ్ల నుంచి తిట్లు తిన్నారు. పోయిందాన్ని మళ్లీ రాసుకున్నారు. మరుసటి ఏడాది ఆటల తయారీదారుల ఎదుట నిలబడి, తమ పొరపాట్ల మీదే ప్రసంగించారు కూడా. 2021 డిసెంబరులో వచ్చిన 41వ రూపంతో ఈ ఆట ప్రపంచమంతటా మారుమోగింది. మొదటి దెబ్బకే దుకాణం కట్టేసి ఉంటే మనం ఈ కబుర్లు చెప్పుకునేవాళ్లం కాదు.

అమ్మానాన్నలకు నాలుగు మాటలు

ముందుగా... ఇది చిన్నపిల్లల ఆట కాదు. నెత్తురు ఉంటుంది, శవాలు ఉంటాయి, ఒంటరితనం ఉంటుంది. హైస్కూలు దాటని పిల్లలకు వద్దు. పెద్ద పిల్లలు ఆడతామంటే మొదట ఓ గంట పక్కన కూర్చుని చూడండి. 'ఇప్పుడు ఆపితే చచ్చిపోతాను' అంటారు. నమ్మకండి! ఒంటరిగా ఆడేటప్పుడు ఆటను ఎక్కడికక్కడ నిలిపెయ్యొచ్చు. బయటికి వచ్చేస్తే అక్కడిదాకా ఆడింది దానంతటదే భద్రమవుతుంది. అన్నానికి పిలిస్తే రాకపోవడానికి సాకు లేదు. స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు మాత్రం ఇలా నిలపడం కుదరదు. అందుకని ముందే సమయం మాట్లాడుకోవాలి. ఆటలో ఒక రోజు మామూలుగా మన గంట, గంటన్నరలో గడుస్తుంది. 'ఆటలో ఒక రోజు, తర్వాత లేవాలి' అన్న నియమం పెడితే ఇద్దరికీ గొడవ ఉండదు.

ఇంకో పని కూడా చెయ్యొచ్చు. ఆడే పిల్లాణ్ని ఒకసారి అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. కరెంటు, కొళాయి లేని ఇంట్లో ఎండాకాలం ఎలా గడిచేదో అడగమనండి. నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చేవాళ్లు, మొదటి కడవ దేనికి వాడేవాళ్లు, గింజలకు పురుగు పట్టకుండా ఏం చేసేవాళ్లు... ఈ ఆట మీద ఎన్ని పుస్తకాలు చదివినా దొరకని కిటుకులు ఆమె దగ్గరుంటాయి. ఆవిడకూ ఆ కబుర్లు అడిగేవాళ్లు ఎవరున్నారు ఇప్పుడు?

ఒక్క తేడా మాత్రం పిల్లలకు విడమరిచి చెప్పాలి. ఆట మొదలయ్యే జులై నెల, మన దగ్గర ముంగారు వానలకు చెనిక్కాయ విత్తే కాలం. విత్తనం భూమిలో పడ్డాక వాన మొహం చాటేస్తే రైతు కూడా తెర ముందు కూర్చున్నవాడిలాగే ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆట పోతే 'కొత్త పాత్ర' అని ఒక బటన్ ఉంది. పంట పోయినవాడికి ఆ బటన్ లేదు. విత్తనాల అప్పు, పిల్లల ఫీజులు, మరుసటి ఏడాది మళ్లీ అదే భూమి. అయినా దున్నుతున్నాడు. కష్టమైన ఆట ఆడి నీళ్ల విలువ, నిలవ తిండి విలువ తెలుసుకున్న కుర్రాడికి ఆ మనిషి మీద గౌరవం ఇంకాస్త పెరిగితే, కంప్యూటర్ ముందు గడిపిన గంట వృథా పోనట్టే.

మొదటిరోజు చెయ్యాల్సినవి

* కర్టెన్లు వేసి, ఇల్లంతా గది గదీ చూడండి. తలుపు తెరిచేముందు ఒక్క క్షణం ఆగండి.
* ప్రతి సీసా, గిన్నె నీళ్లతో నింపండి.
* పాడయ్యే తిండి ముందు తినండి, డబ్బాలు దాచండి.
* టీవీ పెట్టి వంట, వడ్రంగం కార్యక్రమాలు చూడండి.
* దుప్పటి చింపి కట్లు సిద్ధం చేసుకోండి.
* బయటికి వెళ్తే నడవండి, పరిగెత్తొద్దు. పారిపోయే దారి ముందే చూసుకోండి.
* చీకటి పడేలోపు ఇంటికి చేరి, పడుకోండి.

అదీ కుదరక పోతే... నోటుపుస్తకం తియ్యండి, ఒక వాక్యం రాయండి, మళ్లీ మొదలుపెట్టండి!